ఓడ పదాలు నేర్పే యాప్: బొమ్మలకి ఐదు స్టార్లు, ‘అండర్ వే’ కార్డుకి సున్నా

డెక్ క్యాడెట్ (ఓడ నడిపే అధికారిగా శిక్షణ పొందే ఉద్యోగం) ఇంటర్వ్యూ కోసం ఓడల్లో వాడే పదాల ఫ్లాష్‌కార్డుల యాప్ ఒకటి నెల రోజులు వాడాను.

పోర్ట్, స్టార్‌బోర్డ్ నేర్పిన తీరు చాలా నచ్చింది. ముందుకు చూస్తే ఎడమ పోర్ట్, కుడి స్టార్‌బోర్డ్ అని అందరూ చెప్తారు, కానీ మనం వెనక్కి తిరిగినా ఆ పేర్లు మారవని, అవి ఓడ వైపులే తప్ప మన చేతులు కావని ఒక్క బొమ్మతో అర్థమయ్యేలా చేశారు. డెక్ మీద మనిషి గిర్రున తిరుగుతాడు, పోర్ట్ వైపు ఎర్ర దీపం, స్టార్‌బోర్డ్ వైపు పచ్చ దీపం ఉన్నచోటే ఉంటాయి. పాతకాలంలో ఎడమ వైపుని లార్‌బోర్డ్ అనేవారట, స్టార్‌బోర్డ్‌తో కలిసిపోయి వినపడుతోందని బ్రిటిష్ నౌకాదళం 1844లో పోర్ట్‌గా మార్చింది. అది చదివాక ఇంక మర్చిపోలేదు.

నీటి లోతు చెప్పే ఫాథమ్ అంటే 6 అడుగులు, మన బార లాంటిదే. నాట్ అంటేనే గంటకి ఒక నాటికల్ మైలు, అంటే 1852 మీటర్లు, కాబట్టి ‘గంటకి పది నాట్లు’ అనకూడదని కూడా చెప్పారు. మంచిదే.

ఆడియో మాత్రం బాలేదు. డెక్ పనివాళ్ల పెద్దని పిలిచే పదాన్ని స్పెల్లింగ్ చూసి బోట్‌స్వైన్ అని చదివేస్తుంది, ఓడ మీద ఎవరైనా బోసన్ అనే అంటారు.

అసలు కోపం ‘అండర్ వే’ మీద. కార్డులో ‘కదులుతున్న ఓడ’ అని ఉంది. మాక్ ఇంటర్వ్యూలో అదే అప్పజెప్పాను. “మరి ఇంజన్ ఆపేసి ఊరికే తేలుతున్న ఓడ ఏంటి బాబూ?” అని అడిగారు సార్, నాకు నోట మాట రాలేదు. 1972 నాటి ఢీకొనకుండా చూసే అంతర్జాతీయ నిబంధనల్లో స్పష్టంగా ఉంది: లంగరు వేయకుండా, ఒడ్డుకి కట్టకుండా, నేల తట్టకుండా ఉన్న ఓడ ఏదైనా అండర్ వేనే, కదలకపోయినా సరే. నీళ్లని కోసుకుంటూ సాగుతుంటే అది మేకింగ్ వే. పొగమంచులో ఈ తేడా చాలా ముఖ్యం, ఎందుకంటే ఇంజన్ ఓడ సాగుతుంటే రెండు నిమిషాలు దాటకుండా ఒక పొడుగు కూత వేయాలి, ఆగి తేలుతుంటే రెండు వేయాలి, పక్క ఓడవాళ్లకి మనం కనపడం, ఆ కూతే దిక్కు.

రెండుసార్లు మెయిల్ పెట్టాను, కార్డు అలాగే ఉంది. కొత్తగా నేర్చుకునేవాళ్లు బొమ్మల కోసం వాడండి, కానీ నిబంధనలకి సంబంధించిన ప్రతి పదాన్నీ అసలు నిబంధనల పుస్తకంతో సరిచూసుకోండి. ఆ కార్డు మార్చేదాకా నా రేటింగ్ మూడే.