గెలుపు గుర్రాల హోటల్లో గుడ్డట్టు

అయోవా రాష్ట్ర రాజధాని డెమోయిన్‌లో, ఊరికి పడమటి వైపు ఒక పాత డైనర్ ఉంది. తెల్లవారకముందే తెరిచి మధ్యాహ్నం మూసేసే టిఫిను హోటలు అనుకోండి. పేరు రాయడం లేదు. వంట మీద నాకు కొన్ని ఫిర్యాదులున్నాయి. అదీగాక ఆదివారం పూట అక్కడ ఇప్పటికే నిలబడడానికి చోటుండదు, మరో నాలుగు కార్ల జనాన్ని పంపితే నష్టపోయేది నేనే. ఇక్కడి ఇన్సూరెన్సు కంపెనీల్లో, బ్యాంకుల్లో పనిచేసే తెలుగువాళ్ళకు ఎర్ర రెగ్జిన్ స్టూళ్ళు, గల్లా పక్కన ఆపిల్ పై పెట్టే గాజు బీరువా అంటే చాలు, పోల్చుకుంటారు.

ఆమ్లెట్ కోసం వెళ్ళండి. మూడు గుడ్లు, ఉల్లిపాయ, క్యాప్సికం, చీజ్. లోపల పచ్చిగా ఉండదు, పైన మాడదు. పక్కన హ్యాష్ బ్రౌన్స్ పెడతారు. బంగాళాదుంపను తురిమి, పెనం మీద పలచగా పరిచి, కదపకుండా ఎర్రగా కాలనిచ్చి ఒకేసారి తిరగేస్తారు. చాలాచోట్ల తొందరపడి కలియబెట్టి ముద్ద చేస్తారు. ఈ వంటమనిషికి ఓపిక ఉంది. అంచులు కరకరలాడతాయి, మధ్యలో మెత్తగా ఉంటుంది. శాకాహారులు గమనించాల్సిన సంగతి ఒకటుంది: అదే పెనం మీద బేకన్ కూడా వేస్తారు. నేను శనివారం నీచు ముట్టను కాబట్టి ఆ రోజు దుంపలు మాత్రం విడిగా చిన్న మూకుడులో వేయించమంటాను. విసుక్కోకుండా చేసి పెడతారు. పాన్‌కేకులు మామూలే. కాఫీ రంగు కలిపిన వేడినీళ్ళలా ఉంటుంది గానీ కప్పు సగం కాకముందే వచ్చి నింపుతారు. ఎంతసేపు కూర్చున్నా ఎవరూ లేపరు.

అసలు ఫిర్యాదు కారం గురించి. ఈ వంటగదికి ఉప్పు, మిరియాలు తప్ప మరొకటి తెలియదు. ఆమ్లెట్‌లో రెండు జలపెనో ముక్కలు వేస్తే ఏం పోతుందని ఒకసారి ఓనరును అడిగాను. "నాకైతే ఇష్టమే. జనం తినరు" అన్నాడు. ఆ మాట అంటున్నప్పుడు కౌంటరు పొడవునా హాట్ సాస్ సీసా చేతులు మారుతూనే ఉంది.

2020 జనవరిలో ఆ కౌంటరు దగ్గర కూర్చున్న వాళ్ళందరిదీ ఇదే ధోరణి. అప్పుడు ట్రంప్ అధ్యక్షుడు. ఆయనకు పోటీగా ప్రతిపక్ష డెమోక్రాట్లు ఎవరిని నిలబెట్టాలో తేల్చే వరుసలో మొదటి మెట్టు అయోవా కాకస్, అంటే ఓటర్లు పేటల వారీగా ఒకచోట చేరి తమ అభ్యర్థిని ఎంచుకునే సమావేశం, ఫిబ్రవరి 3న. 1972 నుంచీ ఆ ముందువరస ఈ రాష్ట్రానిదే. అందుకని చలికాలమంతా ఊరు నిండా అభ్యర్థులు, వాళ్ళ వెంట కెమెరాలు. ఆమ్లెట్ తింటుంటే ఎవరో ఒక విలేకరి వచ్చి "మీరు ఎవరికి?" అని అడగడం మామూలైపోయింది. నేను అప్పటికి పౌరసత్వం తీసుకున్నాను కాబట్టి ప్రశ్న నాకూ వర్తించేది. మన వైపు గెలుపు గుర్రాలకే టికెట్లు అని పార్టీల అధిష్ఠానాలు సర్వేలు చేయించి, కులం లెక్కలు, డబ్బు లెక్కలు చూసుకుని తేలుస్తాయి. ఓటరుకు ఆ బరువు ఉండదు. ఇక్కడ ఆ పని ఓటర్ల నెత్తినే పడింది. ఎవరు మంచివారు అన్న మాట కన్నా ఎవరు ట్రంప్‌ను ఓడించగలరు అన్న మాటే ఎక్కువ వినబడేది.

నా ఎడమ పక్క స్టూలు రిటైరైన టీచరమ్మది. అభ్యర్థుల్లో సెనేటర్ ఎలిజబెత్ వారెన్ అంటే ఆమెకు ప్రాణం. వారెన్ ఆరోగ్య బీమా పథకం మీద కాగితాలు మడిచి హ్యాండ్‌బ్యాగులో పెట్టుకుని తిరిగేది. కానీ ఓటు మాత్రం బైడెన్‌కేనట. ఎందుకమ్మా అంటే, "ఈ ఊరి మగవాళ్ళు ఆడదానికి ఓటేయరు. 2016లో హిల్లరీ క్లింటన్ విషయంలో చూశాం కదా" అనేది. ఆమెకు మూడు స్టూళ్ళ అవతల టైర్ల ఫ్యాక్టరీలో పనిచేసి దిగిపోయిన పెద్దాయన. ఈ ఊరి మగవాళ్ళు అంటే ఆమె మనసులో ఉన్నది అచ్చం ఆయనలాంటి వాళ్ళే. ఆయన్ని అడిగితే, "నాకేం ఇబ్బంది లేదు, వారెన్ గట్టి మనిషి. చర్చికి పోయేవాళ్ళు ఒప్పుకోరు" అన్నాడు. చర్చికి తప్పకుండా వెళ్ళే దంపతులు కిటికీ పక్క బల్ల దగ్గర కూర్చునేవాళ్ళు. వాళ్ళకు మరో అభ్యర్థి పీట్ బుటిజెజ్ నచ్చాడు. ముప్ఫై ఎనిమిదేళ్ళ కుర్రవాడు, సైన్యంలో పనిచేశాడు, బైబిల్ వచనాలు చదువుతాడు. కానీ అతను ఒక పురుషుణ్ణి పెళ్ళి చేసుకున్నాడు కదా, ఫ్యాక్టరీ కార్మికులు ఏమంటారో అని వాళ్ళ సందేహం. ఎవరికి వాళ్ళు విశాల హృదయులే. సంకుచితత్వమంతా పక్క బల్లది.

పళ్ళాలు తీసే కుర్రవాడు డ్రేక్ యూనివర్సిటీ విద్యార్థి, ఇంకో అభ్యర్థి బెర్నీ శాండర్స్ మనిషి. అతను ఒకరోజు పెద్దాయనతో తగువు వేసుకున్నాడు. "2004లో కూడా ఇలాగే ఆలోచించి హోవర్డ్ డీన్‌ను వదిలేసి జాన్ కెర్రీని ఎన్నుకున్నారు. యుద్ధంలో పతకాలు తెచ్చుకున్నవాడు, బుష్‌ను ఓడిస్తాడన్నారు. ఓడించాడా?" పెద్దాయన కాఫీ తాగి, "డీన్ అయితే ఇంకా ఘోరంగా ఓడేవాడు బాబూ" అన్నాడు. దానికి జవాబు ఎవరి దగ్గరా ఉండదు, జరగని ఎన్నిక ఫలితం కదా. అప్పుడు కాఫీ కూజా పట్టుకున్న ఆవిడ, అందరినీ బంగారం అని పిలిచే ఆవిడ, నిలబడే ఒక మాటంది: "నల్లజాతి మనిషి ఈ రాష్ట్రంలో గెలవడని 2007లో ఇదే కౌంటరు దగ్గర మీరే చెప్పారు." జనాభాలో పదింట తొమ్మిది వంతులు తెల్లవాళ్ళున్న అయోవా 2008 జనవరిలో ఒబామాను గెలిపించింది. ఆ నవంబరులోనూ, 2012లోనూ ఆయన్నే గెలిపించింది. 2016లో మళ్ళీ తొమ్మిది శాతానికి పైగా తేడాతో ట్రంప్‌ను గెలిపించింది. ఇక్కడి 99 కౌంటీల్లో 31 కౌంటీలు ఒబామాకు రెండుసార్లు వేసి తర్వాత ట్రంప్‌కు వేశాయి. దేశంలో ఇంకే రాష్ట్రంలోనూ అన్ని లేవు.

అలాంటి కౌంటీ నుంచి వారానికోసారి ఊళ్ళోకి వచ్చే రైతు ఒకాయన చివరి స్టూలు మీద కూర్చుని పళ్ళెం దాటి బయటికి వచ్చేంత పెద్ద పోర్క్ టెండర్‌లాయిన్ శాండ్‌విచ్ తినేవాడు. చర్చంతా ఆయన గురించే. ఆయన ఏం అనుకుంటాడో, దేనికి జడుస్తాడో, ఎవరికి ఓటేస్తాడో అని. ఆయన్ని మాత్రం ఎవరూ అడగరు. నేను ఆవకాయ అన్నం మధ్య పెరిగిన మనిషిని, మొహమాటం తక్కువ, అడిగాను. "ఒబామాకు రెండుసార్లు వేశాను. ఆయన గెలవడనే అన్నారు. వీళ్ళకే నచ్చని మనిషిని నాకు నచ్చుతాడని తెచ్చి నిలబెడితే నేనేం చేసుకోను?" అని, శాండ్‌విచ్‌లో మిగిలిన దోసకాయ ఊరగాయ తీసి పక్కన పెట్టాడు.

కాకస్‌కు రెండు రోజుల ముందు, ఫిబ్రవరి 1 సాయంత్రం, అందరూ ఎదురుచూస్తున్న డెమోయిన్ రిజిస్టర్ పత్రిక సర్వేను ఆపేశారు. ఫోనులో ప్రశ్నలు అడిగేటప్పుడు ఒకచోట బుటిజెజ్ పేరు చదవలేదని ఫిర్యాదు వచ్చింది. మరునాడు డైనర్‌లో పరీక్ష ముందు ప్రశ్నపత్రం రద్దయినంత గగ్గోలు. పక్కవాడు ఎటు వేస్తున్నాడో చెప్పేవాడు లేకపోయేసరికి, తాము ఎటు వేయాలో చాలామందికి పాలుపోలేదు.

సోమవారం రాత్రి మా బడి జిమ్‌లో ఒక్కో అభ్యర్థి పేరు మీద ఒక్కో మూల నిలబడ్డాం. ఏ గుంపుకైనా 15 శాతం మంది రాకపోతే ఆ గుంపు చెదిరి వేరేచోటికి పోవచ్చు. అందరిలోకీ గెలవగలిగినవాడని పేరున్న బైడెన్ గుంపు మా దగ్గర ఆ గీత దాటలేదు. టీచరమ్మ పేట వేరు, అక్కడా అదే జరిగిందట. రెండో విడతలో ఆమె కుర్చీ తీసుకుని నేరుగా వారెన్ మూలకు వెళ్ళి కూర్చుంది. మంగళవారం పొద్దున ఈ సంగతి చెబుతున్నప్పుడు ఆమె ముఖం చూడాలి. సెలవు దొరికిన పిల్ల. ఆ పొద్దుటికి ఫలితాలు లేవు, లెక్కలు పంపాల్సిన యాప్ మొరాయించింది. రోజుల తర్వాత తేలిందేమిటంటే, ఓట్లలో శాండర్స్ ముందు, ఆ ఓట్లను బట్టి దక్కే రాష్ట్ర ప్రతినిధుల లెక్కలో వెంట్రుకవాసిలో బుటిజెజ్ ముందు, మూడు వారెన్, నాలుగు బైడెన్.

ఆ నాలుగో మనిషే నెలాఖరుకు దక్షిణ కరోలినాలో గెలిచాడు, నవంబరులో 306 ఎలక్టోరల్ ఓట్లతో ట్రంప్‌ను ఓడించాడు. అయోవాలో మాత్రం ఎనిమిది శాతం తేడాతో ఓడిపోయాడు. "చూశావా, గెలిచాడు" అని పెద్దాయన. "చూశారా, మన దగ్గర గెలవలేదు" అని కుర్రవాడు. నేను వింటుండగానే ఇద్దరూ నెగ్గారు.

2024 వచ్చేసరికి ప్రతిపక్షం రిపబ్లికన్లు. ఆ పార్టీ అభ్యర్థిత్వానికి పోటీపడ్డ నిక్కీ హేలీ తనకే బైడెన్‌ను తేలిగ్గా ఓడించే బలముందని సర్వేలు చూపిస్తూ తిరిగింది. ఎముకలు కొరికే చలిలో వచ్చిన కాకస్ జనం 51 శాతం ట్రంప్‌కు వేశారు. కిటికీ పక్క బల్ల వైపు గెలుస్తాడా లేదా అన్న చర్చ నాకు ఎక్కువ వినబడలేదు, నచ్చాడు వేశాం అన్నారు. 2024లో డెమోక్రాట్ల వరుసలో అయోవా మొదటిది కాదు, ఆ చోటు దక్షిణ కరోలినాకు ఇచ్చేశారు. విలేకరులు రావడం తగ్గి, వారం మధ్యలో స్టూళ్ళు ఖాళీగా దొరుకుతున్నాయి. మనకు మంచిదే.

జలపెనో ఆమ్లెట్ ఇప్పటికీ మెనూలో లేదు. ఐదుకు నాలుగు చుక్కలు ఇస్తాను, ఒకటి దానికే కోత. వెనక వీధిలో కారు పెట్టుకోవడానికి డబ్బు కట్టనక్కరలేదు. ఆపిల్ పై పదకొండు లోపే అయిపోతుంది, ముందే చెప్పి ఉంచుకోండి. ఇద్దరు ముగ్గురైతే బల్ల కోసం ఆగకుండా కౌంటరు దగ్గరే కూర్చోండి. సోమవారం సెలవు.