ఇక్కడ పెళ్లి చేసుకుని వెళ్లాలా, వెళ్లి అక్కడ చేసుకోవాలా?

అమెరికా పౌరుడితో పెళ్లి కుదిరిన హైదరాబాద్ అమ్మాయికి దారులు రెండు. ఇక్కడే పెళ్లి చేసుకుని, భార్యను తీసుకెళ్లడానికి భర్త వేసే ఐ-130 పిటిషన్ మీద వెళ్లడం ఒకటి. కె-1 ఫియాన్సే వీసాతో వెళ్లి, దిగిన 90 రోజుల్లోపు అక్కడ పెళ్లాడటం రెండోది. మా చెల్లికి మొదటిదే మేలని చెప్పాను, ఇప్పటికీ అదే అంటాను.

కె-1 తేలికగానే కనిపిస్తుంది. కానీ పెళ్లయ్యాక గ్రీన్ కార్డుకు మళ్లీ దరఖాస్తు, మళ్లీ ఫీజు. వర్క్ పర్మిట్ వచ్చేదాకా ఉద్యోగం చేయకూడదు. ముందస్తు అనుమతి లేకుండా దేశం దాటితే ఆ దరఖాస్తు వదులుకున్నట్టే. ఆ మధ్యలో అమ్మకు బాగోలేదని కబురొస్తే పిల్ల ఎలా వస్తుంది? భార్యగా వెళ్తే దిగిన రోజు నుంచే ఆ హక్కులన్నీ ఉంటాయి. పెళ్లయి రెండేళ్లు నిండకపోతే మాత్రం రెండేళ్లే చెల్లే షరతుల గ్రీన్ కార్డు ఇస్తారు.

మన ఇళ్లలో ఇంకో చిక్కుంది. కె-1 మీద వెళ్లేసరికి ఆ జంటకు పెళ్లయి ఉండకూడదు. నిశ్చితార్థంలో దండలు మార్చుకుని, తలమీద అక్షింతలు పడుతున్న ఫొటో ఫైల్లో ఉంటే, ‘ఇది పెళ్లి కాదా?’ అన్న ప్రశ్న రావచ్చు.

ఇక్కడైతే, ఇద్దరూ హిందువులైతే పెళ్లి చేసుకుని శుభలేఖ, ఫొటోలు, సాక్షులతో సబ్-రిజిస్ట్రార్ ఆఫీసుకు వెళ్తే సరి. మతాలు వేరైతే 1954 నాటి ప్రత్యేక వివాహ చట్టం. ఇద్దరిలో ఒకరు 30 రోజులుగా ఆ జిల్లాలో ఉంటే చాలు. అమ్మాయిది ఇక్కడే ఇల్లు కాబట్టి ఆ టెన్షన్ లేదు. నోటీసు ఇచ్చాక మరో 30 రోజులు ఆగాలి, పెళ్లికి ముగ్గురు సాక్షులు కావాలి, మూడు నెలలు దాటితే ఆ నోటీసు చెల్లదు. తనకు పెళ్లి కాలేదన్న అఫిడవిట్‌ను అబ్బాయి నానక్‌రామ్‌గూడలోని అమెరికా కాన్సులేట్‌లో నోటరీ చేయించుకోవచ్చు. అతనికి అంత సెలవు దొరక్కపోతేనే కె-1 వైపు చూడండి. దానికీ గత రెండేళ్లలో ఇద్దరూ ఎదురుపడి కలుసుకుని ఉండాలి.

ఏ దారైనా బర్త్ సర్టిఫికెట్, పోలీస్ క్లియరెన్స్ తప్పవు. మా చెల్లి టెన్త్ మెమోలో ఇంటిపేరు ఒక్క అక్షరం, పాస్‌పోర్టులో పూర్తిగా ఉంది, బర్త్ సర్టిఫికెట్‌లో పేరు గడే ఖాళీ. మేం అది చూసుకున్నది ముహూర్తం పెట్టించాక. మీరు ఆ మూడు కాగితాలూ ఈ రాత్రే బీరువాలోంచి తీసి పక్కపక్కన పెట్టి చూడండి.