సిరామిక్ బాల్స్ కిట్ రెండున్నరేళ్లు వాడాను, ఇదీ సంగతి

6,800 పెట్టి కొన్నాను, అదీ మా ఆవిడ తరఫు బాబాయి గారి మొహం చూసి. ఆయన రిటైర్ అయ్యాక ఏదో గొలుసుకట్టు బిజినెస్ లో చేరేరు, ఆదివారం పొద్దున్నే విశాఖ మధురవాడలో మా ఫ్లాట్ కి వచ్చి టిఫిన్ తింటూనే డెమో మొదలెట్టేరు, పెసరట్టు చల్లారిపోయింది గానీ ఆయన స్పీచ్ అవ్వలేదు. టూర్మలిన్ ఖనిజంతో చేసిన స్పెషల్ సిరామిక్ అట, నీళ్లలో వేస్తే నీళ్లు మెత్తబడతాయి, ట్యాంకులో వేస్తే మైలేజ్ పెరుగుతుంది, ఫ్రిజ్ లో పెడితే కూరలు వాడవు, మోకాలికి కడితే నొప్పి పోతుంది, ఫ్యాక్టరీలో పెడితే బొగ్గు ఖర్చు తగ్గుతుంది. వంటింట్లో పోపుల డబ్బా కూడా ఇన్ని పనులు చెయ్యదు కదా బాబాయ్ అన్నాను, నవ్వేసి బిల్లు రాసేసేరు.

కిట్ లో ఏమున్నాయంటే, శెనగగింజంత గోధుమరంగు బాల్స్ ఒక వల సంచిలో, ఫ్రిజ్ కి ఒక పలక, పెట్రోల్ ట్యాంకులో వేసే చిన్న గొట్టం, కరెంటు మీటరు మీద అంటించే స్టిక్కరు, మోకాలి బెల్టు, ఇవి కాక ఫ్రీగా ఒక నల్ల లాకెట్. ఈ లాకెట్ సంగతి తర్వాత చెప్తాను, అసలు ఇదంతా టైప్ చేస్తున్నదే దాని కోసం.

ముందు నీళ్లు. మా అపార్ట్‌మెంట్ ది బోరు, ఎండాకాలం ట్యాంకర్. బకెట్ అంచున తెల్లగా పట్టేస్తుంది, గీజర్ రాడ్ ఏడాదికోసారి మార్చాల్సిందే. ఒకే ట్యాప్ నుంచి రెండు బకెట్లు పట్టి ఒకదాంట్లో బాల్స్ వేసి రాత్రంతా ఉంచేను. పొద్దున్న టీడీఎస్ మీటరు (నీళ్లలో కరిగిన లవణాలు లీటరుకి ఎన్ని మిల్లీగ్రాములో చూపిస్తుంది) పెడితే మామూలు బకెట్ 742, బాల్స్ బకెట్ 751. తగ్గకపోగా కాస్త పెరిగింది! బాల్స్ లోంచి ఏవో ఖనిజాలు కొంచెం కరిగి ఉంటాయి, అంతే. సబ్బు నురగ రెండిట్లోనూ ఒకటే, అంటే అస్సలు లేదు. తాగే నీళ్లకి మన ఐఎస్ఐ ప్రమాణం ప్రకారం టీడీఎస్ 500 లోపు ఉండాలి, వేరే దారి లేకపోతే 2000 దాకా ఒప్పుకుంటారు. మాది ఆ మధ్యలో కొట్టుకుంటున్న నీళ్లు. ఇంతకీ నీళ్లు మెత్తబడాలంటే కాల్షియం, మెగ్నీషియం బయటికి పోవాలి. ఉప్పు పోసే సాఫ్టెనర్ చేసేది అదే, దాన్లో ఉండే రెసిన్ గింజలు వాటిని పట్టుకుని బదులుగా సోడియం వదుల్తాయి. ఈ బాల్స్ దేన్నీ పట్టుకోవు, మరి కాల్షియం ఎక్కడికి పోతుంది?

క్లోరిన్ వాసన పోతుందని కూడా చెప్పేరు. బోరు నీళ్లలో క్లోరిన్ ఎక్కడుందండీ! దానికోసం ఎంవీపీ కాలనీలో అమ్మ వాళ్లింటికి వెళ్లి జీవీఎంసీ, అంటే కార్పొరేషన్ కుళాయి నీళ్లతో చూసేను. బాల్స్ వేసిన బిందె వాసన పోయింది నిజమే, వెయ్యకుండా మూత తీసి ఉంచిన బిందెదీ పోయింది. నిజంగా క్లోరిన్ తీసే తెల్ల బాల్స్ వేరే ఉన్నాయి, కాల్షియం సల్ఫైట్ వి, షవర్ ఫిల్టర్లలో వేస్తారు, వాడుతూ ఉంటే అరిగి చిన్నవైపోతాయి. ఇవి రెండున్నరేళ్లయినా అరగలేదు, దాన్నే ఆయన "లైఫ్ టైమ్ గ్యారంటీ" అంటారు.

స్కూటర్ విషయంలో నేనే మోసపోయాను కొన్నాళ్లు. రోజూ మధురవాడ నుంచి గాజువాక దాకా నా డ్యూటీ, గొట్టం వేసిన మొదటి నెల లీటరుకి 48 వచ్చింది, అంతకుముందు 45. బాబాయి గారికి ఫోన్ చేసి మరీ చెప్పేను. తర్వాత తెలిసిందేంటంటే, మైలేజ్ చూద్దామని ఆ నెలంతా నేను 40 దాటి పోలేదు, ఎన్ఏడీ జంక్షన్ దగ్గర సిగ్నల్ పడితే ఇంజిన్ ఆపేసేవాణ్ణి. మూడో నెలకి పాత అలవాటు వచ్చేసింది, మైలేజ్ కూడా పాత చోటికే. గొట్టం తీసేసేక కూడా అదే 45. అమెరికాలో ఈపీఏ అనే ప్రభుత్వ పర్యావరణ సంస్థ వాళ్లు ఇలాంటి మైలేజ్ వస్తువులు వందకి పైనే టెస్ట్ చేసేరు, చెప్పుకోదగ్గంత పెంచింది ఒక్కటీ లేదు. నవ్వొచ్చేదేంటంటే బండిలో అసలు సిరామిక్ ఎప్పట్నుంచో ఉంది, స్పార్క్ ప్లగ్ మీద తెల్లటి భాగం అల్యూమినా సిరామిక్కే. అది చేసే పని కరెంటు బయటికి పోకుండా ఆపడం, పాపం ఎవరికీ స్పీచ్ ఇవ్వదు.

ఫ్రిజ్ పలక దండగ. రైతు బజార్ నుంచి రెండు కొత్తిమీర కట్టలు తెచ్చి ఒకటి పలకతో, ఒకటి పేపర్లో చుట్టి పెడితే పేపరే గెలిచింది. మీటరు స్టిక్కరు గురించి రాయడానికి కూడా ఏం లేదు, బిల్లు ఏసీ ఎన్ని గంటలు వేసేమో దాన్ని బట్టే వస్తోంది.

ఇండస్ట్రీ సంగతి మా బావ అనుభవం. ఆటోనగర్ లో చిన్న లాండ్రీ యూనిట్, హోటళ్ల దుప్పట్లు ఉతుకుతారు, స్టీమ్ బాయిలర్ ఉంది. నా మాట విని బాయిలర్ కి నీళ్లు వెళ్లే ఫీడ్ ట్యాంకులో ఈ బాల్స్ రెండు కేజీలు వేసి, సాఫ్టెనర్ లో ఉప్పు పొయ్యడం మానేసేడు. నాలుగు నెలలకి తెరిస్తే ట్యూబుల మీద గుడ్డు పెంకులా పొలుసు, గోరుతో గీకితే పెళ్లలు పెళ్లలుగా ఊడొచ్చింది. పొలుసు పట్టిందంటే నీళ్లకి వేడి సరిగ్గా అందదు, ఇంధనం ఎక్కువ తింటుంది, ట్యూబు కాలిపోయే ప్రమాదం కూడా. బాయిలర్ అటెండెంట్ "ఏటి బాబూ ఈ గింజలు, ఉప్పు బస్తా రేటెంత, ఇదెంత" అన్నాడట. యాసిడ్ తో కడిగించిన ఖర్చు బావ ఇప్పటికీ నా ఖాతాలోనే రాస్తున్నాడు. ఫ్యాక్టరీల్లో సిరామిక్ గొప్పదనం అబద్ధం కాదు, మన స్టీల్ ప్లాంట్ లో బొగ్గుని కోక్ గా మార్చే 7 మీటర్ల ఎత్తు ఓవెన్లు నిలబడి ఉన్నదే సిలికా ఇటుకల మీద. కానీ అవి వేడికి తట్టుకుంటాయి అంతే, బొగ్గుకి మంత్రం వెయ్యవు.

టూర్మలిన్ కి కరెంటు గుణం ఉన్నది మాత్రం నిజం, అందుకే ఈ కథ అమ్ముడవుతుంది. వేడి చేస్తే రెండు చివర్లా చార్జ్ వస్తుంది, డచ్ వాళ్లు అప్పట్లో దాన్ని బూడిద లాగే రాయి అనేవాళ్లు, 1880లో క్యూరీ అన్నదమ్ములు నొక్కితే కూడా చార్జ్ వస్తుందని చూపించేరు. కానీ ఆ చార్జ్ వేడి మారుతున్నప్పుడో, నొక్కుతున్నప్పుడో వచ్చేది. బిందెలో కదలకుండా కూర్చున్న గింజకి ఆ రెండూ లేవు. ఈ బాల్స్ లోంచి ఫార్ ఇన్‌ఫ్రారెడ్, అంటే కంటికి కనపడని వేడి కిరణాలు వస్తాయని కూడా అమ్మేవాళ్లు అంటారు, అది మన ఒంట్లోంచీ వస్తుంది, పొయ్యి మీది ఇడ్లీ పాత్రలోంచీ వస్తుంది.

ఇప్పుడు లాకెట్. "నెగటివ్ అయాన్" (గాలిలో చార్జ్ ఉన్న కణాలు) లాకెట్ అని మా పాప మెళ్లో వేసేరు, ఎనిమిది నెలలు వేసుకుంది, నిద్రలో కూడా. ఒక కాలేజీ ఫిజిక్స్ ల్యాబ్ లో పనిచేసే ఫ్రెండ్ చూసి ఒకసారి తెమ్మన్నాడు. రేడియేషన్ కనిపెట్టే గీగర్ కౌంటర్ ఉత్తిగా పెడితే అక్కడొకటి ఇక్కడొకటి టిక్ టిక్, లాకెట్ దగ్గరికి తెస్తే చాటలో వడగళ్లు పడ్డట్టు టకటకా కొట్టుకుంది. మా ఇద్దరికీ మాట రాలేదు. ఈ అయాన్ల కోసం కొన్ని వస్తువుల్లో మోనజైట్ అనే ఖనిజం పొడి కలుపుతారట, అందులో థోరియం ఉంటుంది, రేడియేషన్ వచ్చేది దాన్లోంచే. మన భీమిలి ఇసకలో కూడా మోనజైట్ ఉంది, అంటే బీచ్ కి వెళ్లొద్దని కాదు, కానీ దాన్ని పొడి చేసి పిల్లల గుండె మీద రాత్రీ పగలూ వేలాడదియ్యడం వేరు. 2018లో దక్షిణ కొరియాలో ఇలాగే మోనజైట్ వేసిన పరుపుల్లోంచి రేడాన్ అనే రేడియేషన్ ఉన్న వాయువు వస్తోందని తేలి పెద్ద గొడవ అయ్యింది. పాపకి ఏం కాలేదు, డాక్టర్ కూడా కంగారు పడక్కర్లేదన్నారు, కానీ ఆ రాత్రి నాకు నిద్ర పట్టలేదు. మీ ఇంట్లో ఇలాంటి లాకెట్, బ్రాస్లెట్ ఏదైనా ఉంటే ముందు పిల్లల ఒంటి మీంచి తీసేయండి, మిగతావి తర్వాత.

మోకాలి బెల్టు ఒక్కటే ఇంట్లో ఇంకా నడుస్తోంది. ఫ్రెండ్ దగ్గర దాన్ని కూడా చూపించేను, కౌంటర్ గమ్మునే ఉంది, అందుకే ఉంచేను. అత్తయ్య గారు బాగుందంటారు. గట్టిగా కడితే వెచ్చగా, పట్టు ఇచ్చినట్టు ఉంటుంది కదా, మందుల షాపులో దొరికే మామూలు మోకాలి తొడుగు కూడా అంతే చేస్తుంది. నూటయాభై పెట్టి అదీ తెచ్చి ఇచ్చేను, వాడి చూసి "దీనికి పవర్ లేదు బాబూ" అని పక్కన పడేసేరు. నేనింక మాట్లాడలేదు.

లాకెట్ బాల్కనీలో ఇనప డబ్బాలో ఉంది, ఎక్కడ పారెయ్యాలో అర్థం కావట్లేదు. బాబాయి గారు మొన్న మళ్లీ ఫోన్ చేసేరు, కొత్త మోడల్ వచ్చిందట, పాతది తెస్తే ఎక్స్చేంజ్ ఇస్తారట. లాకెట్ కూడా తీసుకుంటారా బాబాయ్ అని అడిగితే, అది ఫ్రీ ఐటమ్ కదా, దానికి ఎక్స్చేంజ్ లేదన్నారు.