స్వర్ణముఖి, భాగీరథి: ఏది ఎప్పుడు చూడాలి?

మే నెలలో శ్రీకాళహస్తి దగ్గర స్వర్ణముఖిలోకి దిగితే కాళ్లకు తగిలేది ఇసుకే. చెలమ తీస్తే కాసిని నీళ్లు ఊరతాయేమో, అంతే. అదే నెలలో హిమాలయాల్లోని గంగోత్రిలో భాగీరథి హోరుకి పక్కనున్న మనిషి మాట వినపడదు. ఇక్కడ ఎండలు నదిని ఎండగడితే, అక్కడ ఆ ఎండలే నదిని నింపుతాయి. గోముఖ్ దగ్గర హిమానీనదం కరిగి వచ్చే నీళ్లు మరి!

అందుకే ఒక్క రోజులోనే తేడా కనిపిస్తుంది. తెల్లారి తగ్గి ఉన్న నీరు, ఎండ ముదిరాక సాయంత్రానికి పెరుగుతుంది. పొద్దున కూర్చున్న రాయి సాయంత్రం మునిగినా ఆశ్చర్యం లేదు. మంచు నీళ్లు కదా, తేటగా ఉంటాయనుకుంటే పొరపాటే. మంచు బరువుకు నలిగిన రాతిపిండి కలిసి బూడిద రంగులో పారతాయి. చెంబులో పట్టి కాసేపు ఉంచితే అడుగున మెత్తటి మడ్డి. చలికాలంలో తేటపడతాయి కానీ, అప్పటికి గంగోత్రి గుడి మూసేసి ఉంటుంది.

స్వర్ణముఖికి ఈశాన్య రుతుపవనాలే దిక్కు. అక్టోబరు, డిసెంబరు మధ్య వాయుగుండం పడితేనే కళ. 2021 నవంబరులోలా వరద వస్తే మాత్రం టెన్షనే.

నన్నడిగితే భాగీరథికి వానలు మొదలవకముందే, జూన్ మొదట్లో వెళ్లండి. స్వర్ణముఖిని వాన వెలిశాక, వంతెన మీద నుంచే చూడండి.