ఎడారి ఊళ్ళ కథ రాసేవాళ్ళు జైసల్మేర్ వెళ్తే ఎక్కడ ఉండాలి, ఏం చూడాలి

నేనొక ఫాంటసీ నవల రాస్తున్నాను, అందులో ఒక ఎడారి సీమ ఉంది, ఊరికీ ఊరికీ మధ్య ఒక పూట నడక, కొత్త మొహం కనిపిస్తే తలుపులేసుకునే జనం. వాళ్ళకి అంత అనుమానం ఎందుకు అన్నదానికి గట్టి కారణం కావాలి, ఊరికే మొరటు మనుషులు అంటే చదివేవాళ్ళు నమ్మరు. అందుకని డిసెంబర్లో మా ఆయనా నేనూ జైసల్మేర్ వెళ్ళొచ్చాం. ఇలాంటి కథలు రాసేవాళ్ళకీ, మామూలుగా చూసొద్దాం అనుకునేవాళ్ళకీ పనికొస్తుందని ఏది బాగుందో ఏది వద్దో రాస్తున్నా.

జోధ్‌పూర్ దాకా ఫ్లైట్, అక్కణ్ణుంచి 280 కిలోమీటర్ల దాకా ఉంటుంది, రైలుంది, కారైతే ఐదారు గంటలు. జైసల్మేర్‌లో దిగాక మాత్రం కారు డ్రైవర్ని జాగ్రత్తగా ఎంచుకోండి. మేం టౌన్ డ్రైవర్ని కాకుండా రామ్‌గఢ్ వైపు పల్లెటూరి అబ్బాయిని అడిగి మరీ పెట్టుకున్నాం, రేటు కొంచెం ఎక్కువే అడిగాడు కానీ ట్రిప్ మొత్తంలో పెట్టిన ప్రతి రూపాయికీ విలువ వచ్చింది అంటే అది ఇతని వల్లే, ఎందుకో కింద చెప్తా.

కోట గురించి ముందు. 1156లో రావల్ జైసల్ కట్టించిన కోట, లోపల ఇప్పటికీ జనం కాపురాలు చేస్తున్నారు, హోటళ్ళూ ఉన్నాయి, కిటికీలోంచి వ్యూ అద్భుతం అని అందరూ చెప్తారు. అయినా లోపల దిగొద్దనే నా మాట. వెనకటికి బిందెలతో మోసుకొచ్చుకున్న నీళ్ళే వాడేవాళ్ళు, ఇప్పుడు పైపుల్లో వచ్చిన నీళ్ళు వాడి వదిలేస్తుంటే అవి కొండలోకి ఇంకి పునాదులు దెబ్బతింటున్నాయి, బురుజులు కూలిన సందర్భాలు కూడా ఉన్నాయి. చుక్క నీళ్ళు లేని చోట కట్టిన కోటని నీళ్ళే తినేస్తున్నాయంటే మనసుకి చాలా కష్టంగా అనిపించింది. కింద బజార్లో రూమ్ తీసుకున్నాం, శుభ్రంగా ఉంది, వేడినీళ్ళు వచ్చాయి, పొద్దున్నే గడీసర్ చెరువు దాకా నడిచి వెళ్ళొచ్చేవాళ్ళం. పైప్‌లైన్లు రాకముందు వందల ఏళ్ళు ఊరు దాహం తీర్చింది ఆ చెరువే.

తర్వాత కుల్‌ధరా. టౌన్‌కి 18 కిలోమీటర్లు, దెయ్యాల ఊరని పేరు. సలీం సింగ్ అనే దివాను ఊరి పెద్ద కూతురి మీద కన్నేశాడనీ, పాలీవాల్ బ్రాహ్మణులు 84 ఊళ్ళు ఒక్క రాత్రిలో ఖాళీ చేసి శాపం పెట్టి వెళ్ళిపోయారనీ గైడ్లు చెప్తారు. చరిత్ర చదివినవాళ్ళు మాత్రం బావులు ఎండిపోవడం, పన్నుల బాధ, మెల్లమెల్లగా వలస అంటారు. గైడ్ కోసం డబ్బులు దండగ, అందరూ అదే దెయ్యం కథ చెప్తారు. దానికి బదులు ఆ వీధులు చూడండి, తిన్నగా వెడల్పుగా గీత గీసినట్టు, నాలుగు వందల పైచిలుకు ఇళ్ళ మొండిగోడలు. ఏడాదికి 200 మిల్లీమీటర్లు కూడా సరిగ్గా పడని చోట అంత ఊరు ఏం తిని బతికింది అన్నది అసలు కథ.

దానికి జవాబు ఖదీన్. రాతి నేల వాలు కింద పొడుగ్గా మట్టికట్ట వేస్తారు, వానాకాలంలో ఎక్కడెక్కడో పడిన నీళ్ళన్నీ వచ్చి ఆ కట్ట దగ్గర నిలుస్తాయి, నిలిచి ఇంకుతాయి, చలికాలం మొదట్లో ఆ తడి మీదే గోధుమ, శనగ చల్లుతారు, ఇంక కోత దాకా పైన నీళ్ళు పెట్టరు. మేం వెళ్ళేసరికి ఒక ఖదీన్‌లో శనగ మోకాలి కింద దాకా పచ్చగా ఉంది, కట్టకి అవతల పక్క అంతా రాళ్ళు. జైసల్మేర్ తర్వాత తక్కువ వాన పడేది మన అనంతపురంలోనే అని చిన్నప్పట్నుంచీ వింటాం కదా, అక్కడ 500 మిల్లీమీటర్ల పైనే పడుతుంది, ఇక్కడి లెక్కలో అది వరద.

ఇసుక దిబ్బల కోసం సామ్‌కి వెళ్ళాలా ఖూరీకి వెళ్ళాలా అని అందరూ అడుగుతారు. సామ్ వద్దు. టెంట్లు ఆనుకుని టెంట్లు, రాత్రి డీజే, జీపుల రొద, మేం దిగిన క్యాంప్‌లో అయితే ఫోన్లో చెప్పిన రేటు ఒకటి అక్కడికెళ్ళాక ఒకటి, భోజనం చల్లారిపోయింది. ఖూరీలో ఒక ఇంట్లో హోమ్‌స్టే తీసుకున్నాం, మట్టి గోడలు, పైన గడ్డి కప్పు, గోడల మీద తెల్లటి ముగ్గుల్లాంటి బొమ్మలు. బాత్రూం బయట, స్నానానికి ఒక్క బకెట్, అది చాలకపోతే ఇంకోటి అడక్కండి. రాత్రికి సజ్జ రొట్టె, కఢీ, కేర్ సాంగ్రీ కూర పెట్టారు. ఆ సాంగ్రీ ఏంటో తెలుసా, జమ్మికాయలు! దసరాకి మనం మొక్కి ఆకులు పంచుకునే జమ్మి చెట్టే వాళ్ళ ఖేజ్డీ, వాళ్ళు ఆ కాయల్ని ఎండబెట్టి ఏడాదంతా తింటారు. అటు రాజస్థాన్‌కీ ఇటు తెలంగాణకీ అదే రాష్ట్ర వృక్షం. నా కథలో ఆ చెట్టు పెట్టి తీరాలి అని ఆ కంచం ముందే అనేసుకున్నా.

ఇక అసలు సంగతి, రామ్‌గఢ్ వైపు ఊళ్ళు. టూరిస్టులు తనోట్ గుడికి పోతూ దాటేసే చోటు. అక్కడ బేరీలు అని సన్నటి బావులుంటాయి. లోతున ఉప్పునీళ్ళు, పైన ఇసుక, ఆ రెంటికీ మధ్య జిప్సం పొర ఉన్నచోట వాన తడి కిందికి దిగకుండా ఇసుకలోనే ఆగుతుంది, అది బొట్టు బొట్టుగా బేరీలోకి ఊరుతుంది. రోజుకి కొన్ని బిందెలు, అంతే. ఎండకి ఆవిరి కాకూడదని నోరు చిన్నగా కట్టి మూత పెడతారు. ఇంకోరకం టాంకా, వాన నీళ్ళ తొట్టి, చుట్టూ నున్నగా చదును చేసిన వాలు నేల, గట్టు చుట్టూ చిన్న చిన్న కన్నాలకి జాలీ, పైన ఇనప మూత, మూతకి తాళం. ఆ చదును నేల మీదికి వెళ్ళేముందు మా డ్రైవర్ చెప్పులు విప్పమన్నాడు, రేపు తాగే నీళ్ళు దాని మీంచే పోవాలి కదా.

బేరీ ఎవరిది వాళ్ళదే, కానీ నేల ఊరందరిది, కొత్తది తవ్వాలంటే ఊరు ఒప్పుకోవాలి. ఎందుకంటే ఇసుకలో ఉన్న తడి ఒక్కటే, కొత్త బేరీ తవ్వితే అందరి వాటా తగ్గుతుంది. నేను వెతుకుతున్న కారణం ఇదే. కొత్తవాడు మంచివాడా దొంగా అన్నది తర్వాత, వాడు ఉండిపోతే ఎన్ని బిందెలు తగ్గుతాయి అన్నది ముందు.

ఒక ఢాణీ దగ్గర, అంటే నాలుగైదు ఇళ్ళ పల్లె, కారు ఆపితే చాలాసేపు ఎవరూ రాలేదు. తర్వాత ఒక పెద్దాయన వచ్చి మమ్మల్ని కాదు, డ్రైవర్ని అడిగాడు, ఏ ఊరు, ఎవరబ్బాయివి, ఎవరింటికి అని. ఇతను తాత పేరు, మేనమామ ఊరు చెప్పాక నులక మంచం వచ్చింది, చెంబుతో నీళ్ళు వచ్చాయి, తర్వాత టీ. మా ఆయన బయటే కూర్చున్నారు, నన్ను ఆడవాళ్ళు లోపలికి తీసుకెళ్ళారు, లోపల కబుర్లే కబుర్లు, నా గాజులు పట్టుకుని చూసి ఎంతమంది పిల్లలని సైగలతో అడిగారు. గుమ్మం దాటితే అదే ఊరు వేరే ఊరు. పాకిస్తాన్ బోర్డర్ దగ్గర కాబట్టి కెమెరా అంటే ఇంకా బెదురు, మేం ఫోటోలు అడగనే లేదు.

కథ రాసేవాళ్ళకి ఇంకొకటి. ఇంత మూసుకున్న ఊళ్ళలోకి అడ్డం లేకుండా వెళ్ళగలిగేవాళ్ళు మాంగణియార్లు, రాజ్‌పుత్ ఇళ్ళలో పెళ్ళికీ పురుటికీ పాడే ముస్లిం గాయకులు, ఆ ఇంటి వంశావళి వాళ్ళకి నోటికొచ్చు. మీ సీమలో కూడా అలాంటివాళ్ళని పెట్టుకోండి, కబురు ఊరు దాటాలంటే వాళ్ళే దారి. అలాగే ఓరణ్, దేవుడి పేరున వదిలేసిన అడవి, కొమ్మ నరకరు, పశువులు మాత్రం మేస్తాయి. ఊళ్ళ మధ్య పగ ఉన్నా అక్కడ కత్తి తియ్యకూడదు అని నేనొక నియమం రాసుకున్నా, అది నా కల్పన, కానీ ఆ నేల మీద నిలబడితే చాలా సహజంగా వచ్చేసింది.

తనోట్ గుడి, 1971 యుద్ధం జరిగిన లోంగేవాలా చూడాలంటే ఆధార్ దగ్గర పెట్టుకుని పొద్దున్నే బయల్దేరండి, దారిలో తిండి పెద్దగా దొరకదు. నవంబర్ నుంచి ఫిబ్రవరి దాకా హాయిగా ఉంటుంది, రాత్రి చలి మాత్రం గట్టిది. మేం మళ్ళీ వెళ్తే సామ్ మానేసి ఆ డబ్బుతో డ్రైవర్ వాళ్ళ ఊళ్ళోనే ఇంకో రెండు రాత్రులు ఉంటాం, అది కూడా వానలు అయ్యాక సెప్టెంబర్లో, ఎండ మండినా సరే, ఖదీన్‌లో నీళ్ళు నిలిచి ఉండగా చూడాలి.