పాత పోకెమాన్ క్యాసెట్లు కొనేవాళ్లకి హెచ్చరిక: "బ్యాటరీ వీక్, అంతే" అంటే నమ్మకండి

నింటెండో వాళ్ల గేమ్ బాయ్ అడ్వాన్స్ అనే చేతి ఆట యంత్రంలో పెట్టి ఆడే పోకెమాన్ ఎమరాల్డ్, రూబీ, సఫైర్, ఫైర్ రెడ్, లీఫ్ గ్రీన్ క్యాసెట్ల కోసం సెకండ్ హ్యాండ్‌లో వెతుకుతున్నవాళ్లు డబ్బు పంపేముందు ఇది చదవండి. "ఒరిజినల్, అమెరికా వెర్షన్, బ్యాటరీ మాత్రం కొంచెం వీక్" అని పెట్టిన ఎమరాల్డ్ ఒకటి ఈమధ్య మా ఇంటికొచ్చింది. ధర నాలుగున్నర వేలు. అది నకిలీ. ఆడి చూస్తే కొన్న రోజున తేలే రకం కాదు, ఆట మొత్తం అయ్యాక గానీ బయటపడదు. అందుకే ఇంత వివరంగా రాస్తున్నాను.

మా అక్క కొడుకు కోసం తెప్పించాను. ఆన్ చేయగానే, లోపలి బ్యాటరీ అయిపోయింది, ఆట ఆడుకోవచ్చు గానీ గడియారం మీద ఆధారపడినవి ఇక జరగవు అని ఇంగ్లిషులో మెసేజ్ వచ్చింది. ఒరిజినల్ క్యాసెట్లలోనూ ఇదే వస్తుంది. అమెరికాలో ఎమరాల్డ్ 2005లో వచ్చింది, అప్పటి బ్యాటరీ చాలావాటిలో ఎప్పుడో అయిపోయింది. కాబట్టి ఆ మెసేజ్ ఒక్కటీ చూసి నకిలీ అని తేల్చలేం. అమ్మేవాళ్లు ధైర్యంగా "బ్యాటరీ వీక్" అని ముందే రాసేది కూడా దాన్ని నమ్ముకునే.

పిల్లాడు మడ్‌కిప్ అనే పోకెమాన్‌తో మొదలుపెట్టి దాన్ని స్వాంపర్ట్ దాకా పెంచాడు. సేవ్ చేసేవాడు, ఆపేవాడు, మళ్లీ పెట్టేవాడు, ఎక్కడా తేడా రాలేదు. ఆటలో ఆఖరి మజిలీ ఎవర్ గ్రాండ్ సిటీ చేరి, ఎలీట్ ఫోర్ అనే నలుగురు మేటి ప్రత్యర్థుల్ని దాటి, చాంపియన్ వాలెస్‌ని ఓడించాడు. గెలిచిన జట్టుని నమోదు చేసే హాల్ ఆఫ్ ఫేమ్‌లో వాడి ఆరు పోకెమాన్లు వరసగా కనబడ్డాయి, ఆట తయారుచేసినవాళ్ల పేర్లు పడ్డాయి. మర్నాడు ఆన్ చేస్తే తెర మీద రెండే వరసలున్నాయి: న్యూ గేమ్, ఆప్షన్. సేవ్ చేసిన ఆటని కొనసాగించే కంటిన్యూ లేదు. "మామయ్యా, నా స్వాంపర్ట్ ఎక్కడికి పోయింది?" అని అడిగితే పదేళ్ల పిల్లాడికి ఏం చెప్పాలి?

అమ్మినతనికి మెసేజ్ పెడితే వెంటనే జవాబిచ్చాడు. "బ్యాటరీ పూర్తిగా పోయుంటుంది సర్, మార్పించుకోండి, సేవ్ అవుతుంది." అతని మోసం దొరికిపోయింది ఈ మాటతోనే.

ఎమరాల్డ్‌లో బ్యాటరీకీ సేవ్‌కీ సంబంధమే లేదు. మొదట్లో చెప్పిన ఐదు ఆటలూ సేవ్‌ని 128 కిలోబైట్ల ఫ్లాష్ మెమరీలో రాస్తాయి, అందులో రాసింది నిలవడానికి కరెంటు అవసరం లేదు. రూబీ, సఫైర్, ఎమరాల్డ్‌లలో ఉండే సీఆర్ 1616 బ్యాటరీ గడియారాన్ని నడిపేందుకు మాత్రమే. అది అయిపోతే నాటిన బెర్రీలు పెరగవు, ఆటుపోట్లకి నీళ్లు పెరిగి తగ్గే షోల్ కేవ్ అనే గుహ ఒకే స్థితిలో ఉండిపోతుంది. సేవ్ మాత్రం ఎక్కడికీ పోదు. ఫైర్ రెడ్, లీఫ్ గ్రీన్‌లలో అసలు బ్యాటరీయే ఉండదు. అంతకుముందు తరం గోల్డ్, సిల్వర్, క్రిస్టల్ సంగతి వేరు. వాటిలో సేవ్ నిలిచేది బ్యాటరీ మీదే, దాంతోనే గడియారం కూడా నడుస్తుంది, కాబట్టి ఆ బ్యాటరీలు త్వరగా అయిపోతాయి. కొత్త సీఆర్ 2025 బ్యాటరీ టంకం పెట్టిస్తే ఆ క్యాసెట్లు మళ్లీ పనిచేస్తాయి. ఈ తేడా తెలియనివాళ్లకి గోల్డ్‌కి చెల్లే సాకునే ఎమరాల్డ్‌కి కూడా చెప్పి పంపేస్తున్నారు. ఎమరాల్డ్ అమ్ముతూ "బ్యాటరీ మారిస్తే సేవ్ అవుతుంది" అన్నాడంటే, అది నకిలీ అని అతనే ఒప్పుకున్నట్టు లెక్క.

మరి ఇన్నాళ్లూ సేవ్ ఎలా అయింది? నకిలీలు చేసేవాళ్లు ఆ ఫ్లాష్ చిప్ బదులు చవక మెమరీ వేసి, ఆట కోడ్‌ని దానికి తగ్గట్టు మార్చేస్తారు. రోజువారీ సేవ్ వరకు ఆ అతుకు నిలబడుతుంది. చాంపియన్ని గెలిచాక హాల్ ఆఫ్ ఫేమ్ వివరాలు మామూలు సేవ్ ఉండే చోట కాకుండా విడిగా వేరే చోట రాయాలి, నకిలీలు ఎక్కువగా చేతులెత్తేసేది అక్కడే. అందుకే అమ్మేవాళ్లు పంపే "చూడండి, సేవ్ అవుతోంది" వీడియోకి విలువివ్వకండి. నకిలీ కూడా ఆ పరీక్ష హాయిగా పాసవుతుంది.

తర్వాత క్యాసెట్ విప్పించాను. వెనకాల ఉన్నది మూడు గాట్ల వై ఆకారం స్క్రూ. మామూలు స్క్రూడ్రైవర్‌తో రాదు గానీ మొబైల్ రిపేరు షాపుల్లో ఆ బిట్ దొరుకుతుంది. లోపల సన్నటి పచ్చ బోర్డు, దాని మధ్యలో చిప్ బదులు నల్లటి జిగురు ముద్ద. బ్యాటరీ ఉండాల్సిన చోట రెండు టంకం మచ్చలు తప్ప ఏమీ లేదు. వీక్ అని చెప్పిన బ్యాటరీ అందులో పుట్టినప్పటి నుంచీ లేదు! బోర్డు మీద నింటెండో అన్న పేరు కూడా ఎక్కడా లేదు.

విప్పకుండానే చూడగలిగినవి కొన్నున్నాయి. అన్నిటికంటే నమ్మదగినది బోర్డు అంచు. క్యాసెట్‌ని కింద నుంచి, బంగారు రంగు పళ్లున్న వైపు నుంచి వెలుగులో పెట్టి లోపలికి చూడండి. ఒరిజినల్‌లో ఆ పళ్ల పైన బోర్డు మీద నింటెండో అని అచ్చయి ఉంటుంది. రెండోది, ముందు స్టిక్కర్ మీద అదిమి ముద్రించిన చిన్న నంబరు, రెండు అంకెలు, కొన్నిటికి పక్కనే ఒక అక్షరం. సిరా ఉండదు, కాగితం మీద నొక్కు మాత్రమే, ఏటవాలుగా వెలుగు పడితేనే కనిపిస్తుంది. స్టిక్కర్ మీది కోడ్ కూడా చూడండి, అమెరికా ఎమరాల్డ్‌కి ఏజీబీ-బీపీఈఈ-యూఎస్ఏ అని ఉండాలి. నకిలీల్లో వేరే ఆట కోడ్ వేసిన సందర్భాలున్నాయి. అయితే ఇప్పుడు స్టిక్కర్లు బాగానే దింపుతున్నారు కాబట్టి, కోడ్ సరిపోయినంత మాత్రాన ఒరిజినల్ అయిపోదు. ఎమరాల్డ్ ప్లాస్టిక్ పచ్చగా, పారదర్శకంగా ఉంటుంది, లోపలి బోర్డు లీలగా కనబడాలి. గేమ్ బాయ్ అడ్వాన్స్ తర్వాత వచ్చిన డీఎస్ యంత్రంలో ఆడే హార్ట్ గోల్డ్, సోల్ సిల్వర్ కొనేవాళ్లు కార్డుని లైటు ముందు పెట్టి చూడండి. అందులో ఇన్‌ఫ్రారెడ్ ఉండటం వల్ల నల్ల ప్లాస్టిక్‌లోంచి ఎర్రటి ఛాయ కనిపిస్తుంది. మామూలు బూడిద రంగు కార్డు పంపితే వెనక్కిచ్చేయండి.

డబ్బు పోయిందని మాత్రమే కాదు నా బాధ. ఈ ఆటలు చేసిన గేమ్ ఫ్రీక్ అంటే నాకు చాలా గౌరవం. 1983లో సతోషి తజిరి ఆటల గురించి సొంతంగా వేసుకున్న చిన్న పత్రిక పేరది, 1989లో ఆ పేరుతోనే కంపెనీ అయింది. చిన్నప్పుడు పురుగులు పట్టి పెంచుకున్న మనిషి, రెండు గేమ్ బాయ్‌లని కలిపే లింక్ కేబుల్ చూసి ప్రాణులు ఒక యంత్రంలోంచి ఇంకోదానిలోకి పాకి వెళ్తున్నట్టు ఊహించుకున్నాడు. పోకెమాన్ పుట్టింది ఆ ఊహలోంచే. మొదటి పోకెమాన్ ఆటలు రెడ్, గ్రీన్ జపాన్‌లో 1996 ఫిబ్రవరి 27న వచ్చేసరికి దాదాపు ఆరేళ్లు పట్టింది. చివర్లో తప్పులు వెతకడానికి వాడిన డీబగ్ ప్రోగ్రాములు తీసేశాక దాదాపు 300 బైట్ల చోటు మిగిలితే, అందులో మ్యూ అనే పోకెమాన్‌ని ఇమిడ్చిన షిగేకి మొరిమొతో తర్వాత ఎమరాల్డ్‌కి డైరెక్టర్. ఒక్కో బైటునీ అంత జాగ్రత్తగా వాడుకున్నవాళ్ల ఆటని సేవ్ కూడా నిలవని బోర్డు మీద పోసి, వాళ్ల పేరు మీదే అమ్ముతున్నారు.

పైగా ఈ పోకెమాన్లు క్యాసెట్‌లోనే ఉండిపోయేవి కావు. ఎమరాల్డ్‌లో పెంచినదాన్ని డీఎస్‌లో డైమండ్, పెర్ల్ ఆటలకి పాల్ పార్క్ అనే సదుపాయం ద్వారా తీసుకెళ్లొచ్చు, అక్కడి నుంచి బ్లాక్, వైట్ ఆటలకి, ఆపైన 3డీఎస్‌లో పోకెమాన్లని దాచుకునే పోకెమాన్ బ్యాంక్ యాప్ ముందే ఉన్నవాళ్లు దాని తర్వాతి యాప్ పోకెమాన్ హోమ్ దాకా. పిల్లాడికి నేను చూపిద్దామనుకున్నది అదే. నా డీఎస్ లైట్‌లో డైమండ్ పెట్టి, కింది స్లాట్‌లో ఈ క్యాసెట్ పెడితే మెనూలో ఎమరాల్డ్ నుంచి తెచ్చుకునే వరస రాలేదు. నా పాత సఫైర్ పెడితే వెంటనే వచ్చింది. మీ దగ్గర అలాంటి డీఎస్, అంతదాకా ఆడిన డైమండ్ ఉంటే ఈ పరీక్ష కూడా చేసుకోండి.

నకిలీ అని చెప్పి ఐదారు వందలకి అమ్మితే అదీ చట్టప్రకారం తప్పే, కానీ కొనేవాడికి ఏం కొంటున్నాడో తెలుస్తుంది. ఒరిజినల్ అని రాసి వేలు తీసుకోవడం పచ్చి మోసం. బోర్డు ఫొటో పంపగానే అతను నన్ను బ్లాక్ చేశాడు. వాపసు గడువు ఎప్పుడో దాటిపోయింది. అదే ప్రకటన ఇంకో పేరుతో, అదే ఎరుపు దుప్పటి మీద తీసిన ఫొటోతో ఇప్పటికీ కనబడుతోంది.

కాబట్టి కొనేముందు బోర్డు అంచు, స్టిక్కర్ మీది నొక్కు నంబరు దగ్గరగా తీసిన ఫొటోలు అడగండి, ఆ ఫొటోలో మీ పేరు రాసిన చీటీ పక్కన పెట్టమనండి. కుదరదంటే వదిలేయండి. పార్సిల్ విప్పేటప్పుడు వీడియో తీసి పెట్టుకోండి, ఆ వారంలోనే స్క్రూ విప్పించి చూసుకోండి. తేడా ఉంటే గడువులోపే వాపసు అడగండి, వినకపోతే వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915కి ఫోన్ చేయండి.

ఇప్పటికే ఇలాంటి క్యాసెట్ కొని సగంలో ఉన్నవాళ్లు ఎలీట్ ఫోర్ ఉండే లీగ్‌కి వెళ్లకండి, ముందు విప్పి చూడండి. జిగురు ముద్ద కనిపిస్తే, ఒరిజినల్ రూబీ గానీ సఫైర్ గానీ ఉన్న ఎవరినైనా పట్టుకోండి. డీఎస్‌లో ఈ క్యాసెట్లకి లింక్ ఉండదు కాబట్టి రెండు గేమ్ బాయ్ అడ్వాన్స్‌లు, ఒక లింక్ కేబుల్ కావాలి. లింక్ కలిస్తే మీకు ముఖ్యమైన పోకెమాన్లని ముందుగా అటు ట్రేడ్ చేసేయండి, మిగతావి తర్వాత చూసుకోవచ్చు.