కోనసీమలో గోడ గడియారం కోసం మూడు రోజులు

కొత్తింటి హాల్లో గంటలు కొట్టే గడియారం ఉండాలన్నది మా ఆవిడ పట్టు. మా తాతగారింట్లో ఉన్నదాన్ని పంపకాల్లో ఎవరు పట్టుకెళ్లారో ఇప్పటికీ తేలలేదు. హైదరాబాదులో చూసినవన్నీ పైన పాత పెట్టె, లోపల బ్యాటరీ మిషను. దాంతో డిసెంబరులో రాత్రి రైలెక్కి రాజమండ్రిలో దిగి, కారు మాట్లాడుకున్నాం.

రాజమండ్రిలో పాత సామాన్ల కొట్టతను ఒకటి చూపించి, "1940 నాటి ఆన్సోనియా, ఇరవై రెండు వేలు" అన్నాడు. ఆ అమెరికా కంపెనీ పని 1929లోనే అయిపోయింది, యంత్రాలు సోవియట్ రష్యాకి అమ్ముడుపోయాయి. పైగా అద్దం తలుపు తీస్తే వెనక చెక్కకి మేకులు లేని రంధ్రాలు నాలుగు కనిపించాయి. అంటే అందులో మొదట ఉన్న మిషను వేరు, ఇది తర్వాత తెచ్చి బిగించింది. ఆ సంగతి చెబితే అతను కోప్పడకుండా టీ తెప్పించాడు. టీ మాత్రం బాగుంది.

మర్నాడు రావులపాలెం మీదుగా అంబాజీపేట వచ్చి, పనసాకుల్లో ఉడికిన పొట్టిక్కలు తిన్నాం. నాకు నాలుగు సరిపోలేదు.

రాజోలు దాటాక, కూల్చేసిన మండువా ఇళ్ల సామాను అమ్మే ఒక పాక దగ్గర ఆగాం. స్తంభాలు, ఉయ్యాల బల్లలు, గుమ్మాలు పేర్చి ఉన్నాయి. టేకు గుమ్మం కావాల్సినవాళ్లు తప్పకుండా వెళ్లొచ్చు. గడియారాలు మూడున్నాయి, ఒక్కోటి మూడు వేలే, కానీ వానకి తడిసి మిషన్లు తుప్పు పట్టాయి. పెట్టె చూసి మనసు పడితే రిపేరుకి అంతకు రెండింతలవుతుంది.

ఆ రాత్రి దిండి దగ్గర ఒక రిసార్టులో దిగాం. కిటికీ తీస్తే వశిష్ఠ గోదావరి, తెల్లారుతూనే పడవలు. ఆ దృశ్యానికి డబ్బివ్వొచ్చు. వేడినీళ్లు తొమ్మిదైతే గానీ రాలేదు, చేపల పులుసు చెప్పిన గంటన్నరకి వచ్చింది. మరుసటి రాత్రి పాలకొల్లులో దిగిన మామూలు లాడ్జి అందులో మూడో వంతు ధరకే శుభ్రంగా ఉంది. పెద్దవాళ్లతో వెళ్తే నేనైతే దీనికే ఓటేస్తాను.

మేం వెతుకుతున్నది కూడా పాలకొల్లులోనే దొరికింది, అదీ ఒక ఇరుకు వాచీ రిపేరు షాపులో. గోడ నిండా గడియారాలే, ఏ రెండూ ఒకే టైము చూపించడం లేదు. షాపాయనకి డెబ్భై దాటుంటాయి. మా ఆవిడ చూపు పడింది సైకోషా మీద. 1892లో టోక్యోలో మొదలైన ఫ్యాక్టరీ అది, ఇప్పటి సీకో వాళ్లదే. ధర అడిగితే ఆయన కుర్చీలు లాగి, "ముందు గంట కొట్టేదాకా కూర్చోండి, ఆయ్" అన్నారు.

నాలుగుకి ఏడు కొట్టింది! నా ముఖం చూసి ఆయన నవ్వి, లోపలున్న చిన్న తీగని వేలితో ఎత్తారు. ఎనిమిది, తొమ్మిది, పది... లెక్క ముల్లుతో కలిసేదాకా వరసగా కొట్టిస్తూనే ఉన్నారు, వీధిలో వాళ్లు తొంగిచూశారు. ఎవరో ముల్లు వెనక్కి తిప్పితే లెక్క తప్పిందట, జబ్బేమీ కాదట. రెండు కన్నాల్లో ఒకటి టైముకి, ఒకటి గంటకి, వారానికోసారి రెండిటికీ కీ ఇవ్వాలి. లోలకం కింద మర పైకి తిప్పితే తొందరగా, దించితే నెమ్మదిగా నడుస్తుంది.

పది వేలు చెప్పారు, అయిదు వందలు తగ్గించారు. అంతకన్నా బేరమాడటానికి నాకు నోరు రాలేదు. లోలకం విప్పి వేరే చుట్టి, గంట కొట్టే సుత్తిని దారంతో కట్టి, పెట్టెని పాత పంచెలో చుట్టిచ్చారు. నరసాపురంలో రైలెక్కి కింది బెర్తు కింద పెట్టుకున్నాం. ఆ రాత్రి మా ఆవిడకి నిద్రే లేదు.

ఇంట్లో తగిలిస్తే అయిదు నిమిషాలు నడిచి ఆగిపోయింది. టెన్షన్‌తో ఫోను చేశాను. "ఫోను గడియారం దగ్గర పెట్టండి" అన్నారాయన. లోలకాన్ని ఊపి పెట్టాను. కాసేపు విని, "కుంటుతోందండీ, టిక్కుకీ టక్కుకీ మధ్య ఎడం సమంగా లేదు. పెట్టె అడుగుని ఎడమకి కాస్త జరపండి... ఇంకాస్త... ఆఁ, చాలు" అన్నారు.